కుక్కపిల్లను కొనే ముందు ఒక్క మాట

ఆటిజం ఉన్న మీ ఎనిమిదేళ్ల బాబు తోటి పిల్లలతో కలవడం లేదని, కుక్కపిల్లను కొంటే మారతాడా అని అడిగారు. మారే అవకాశం ఉంది, కానీ ఇప్పుడే కొనకండి. కుక్కపిల్ల గోళ్లతో గీరుతుంది, పళ్లతో పట్టుకుంటుంది, ఊరికే అరుస్తుంది. శబ్దానికి బెదిరే పిల్లవాడు ఒక్కసారి హడలిపోయాడంటే మళ్లీ దగ్గరికి రాడు.

బంధువుల ఇంట్లో నెమ్మదైన, టీకాలన్నీ వేయించిన పెద్ద కుక్క ఉంటే వారానికి రెండుసార్లు పావుగంట చొప్పున తీసుకెళ్లండి. మా అమ్మాయి విషయంలో మేము అదే చేశాం. మొదటి మూడు వారాలు కుక్క గడప దగ్గర పడుకుంటే తను దూరంనుంచి దాని తోక వంకే చూసేది. నాలుగో వారం దువ్వెన తీసుకుని వీపు మీద ఒక్కసారి దువ్వి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ రోజు నేను ఏడ్చేశాను.

అయితే అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. కుక్కతో చనువు పెరిగాక మరో పిల్లవాణ్ణి పిలవండి. బంతి ఒకసారి మీవాడు, ఒకసారి ఆ పిల్లవాడు విసరాలి. వంతు కోసం ఆగడం, 'ఇప్పుడు నువ్వు' అనడం అక్కడే అలవాటవుతాయి. 1960ల తొలినాళ్లలో న్యూయార్క్ మనస్తత్వవేత్త బోరిస్ లెవిన్సన్ తన కుక్క జింగిల్స్ గదిలో ఉంటే ముభావంగా ఉండే పిల్లలు మాట కలపడం గమనించి, ఆ సంగతి వైద్యలోకం ముందుంచారు.

స్పీచ్ థెరపీ మాత్రం మానకండి. బాబునీ కుక్కనీ పెద్దవాళ్లు లేకుండా ఒంటరిగా వదలకండి. కుక్క తల తిప్పుకున్నా, పెదవులు నాకుతున్నా ఆట ఆపేయండి. దానికి ఇబ్బందిగా ఉందని గుర్తు.