విశాఖలో అచ్చయిన పాత పుస్తకం కోల్‌కతా నేషనల్ లైబ్రరీలో దొరుకుతుందా?

మీ తాతగారి నవల 1960ల్లో విశాఖలో అచ్చయిందని, ఇంట్లో ఒక్క కాపీ కూడా మిగల్లేదని, కోల్‌కతా వెళ్తే దొరుకుతుందా అని అడిగారు. దొరకొచ్చు. కానీ టికెట్ తీసే ముందు కొంచెం పని ఉంది. అది చేయకుండా వెళ్లి నేను ఒక రోజు పోగొట్టుకున్నాను.

మా తాతయ్య రాసిన రెండు నాటికల కోసం ఇక్కడ రాత్రి రైలెక్కి, హౌరాలో దిగి, తిన్నగా లైబ్రరీ ఉన్న అలీపూర్ వెళ్లాను. లైబ్రరీ పాత భవనం బెల్వెడేర్ బంగ్లా చూడ్డానికి బాగుంటుంది గానీ, చదువుకునే హాలు ఇప్పుడు అదే ఆవరణలోని భాషా భవన్‌లో ఉంది. స్లిప్పు రాసిచ్చి కూర్చుంటే పుస్తకం తెచ్చిస్తారు. ఆ రోజు నేనిచ్చినవన్నీ ఉత్త చేతులతో తిరిగొచ్చాయి. తప్పు నాదే. సీత అనే పేరును మనం ఇంగ్లీషు అక్షరాల్లో డబుల్ ఈ పెట్టి, టి పక్కన హెచ్ కూడా తగిలించి రాస్తాం. కేటలాగ్‌లో ఒక్క ఐ, ఒక్క టి, అంతే! మర్నాడు కౌంటర్లో ఒకాయన మా ఇంటిపేరులో హెచ్ తీసేసి వెతకమన్నారు. పది నిమిషాల్లో ఒక నాటిక బయటపడింది. కాగితం ముట్టుకుంటే పొడి రాలేలా ఉంది. జిరాక్స్ అడగడానికి మనసొప్పక చేత్తోనే రాసుకున్నాను.

రెండోది లేదు. 1954 చట్టం ప్రకారం పుస్తకం వేసినవాళ్లు 30 రోజుల్లోగా తమ ఖర్చుతో ఒక కాపీ అక్కడికి పంపాలి. చెన్నై కన్నెమరాకు, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకు కూడా ఒక్కోటి. కానీ సొంత డబ్బుతో వేసుకున్నవాళ్లకు ఇదంతా ఎవరు చెప్పారు? మా తాతయ్య ఆ రెండో నాటిక కాపీలన్నీ స్నేహితులకే పంచేశారట.

కాబట్టి ముందు అచ్చయిన సంవత్సరం, ప్రెస్ పేరు కనుక్కోండి. ఆ చట్టం కింద వచ్చిన పుస్తకాలతోనే భారత జాతీయ గ్రంథసూచి అనే పుస్తకాల జాబితా తయారవుతుంది. 1957 చివర్లో మొదలైంది, తెలుగుకు విడిగా భాగం ఉంటుంది. పెద్ద లైబ్రరీల రెఫరెన్స్ సెక్షన్‌లో పాత వార్షిక సంపుటాలు అడిగి చూడండి. అందులో పేరుంటే కాపీ కోల్‌కతా చేరినట్టే. లేకపోతే ముందు కన్నెమరా, వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం చూడండి, దగ్గర కూడా. నాకు ఆ రెండో నాటిక ఇంకా దొరకలేదు, వచ్చే నెల వేటపాలెం వెళ్తున్నాను. మీ నవల పేరు చెబితే అక్కడ దాన్నీ అడుగుతాను.