సూటు బాగానే ఉంది, మిగిలేది 11 రూపాయలే

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో ఒక కన్సల్టింగ్ కంపెనీలో పనిచేస్తున్నాను. నెలకు 68,000 చేతికొస్తుంది. అద్దె 17,000, గుంటూరులో ఉన్న అమ్మకు 12,000, ఇంటి ఖర్చులు 16,000, ఫోను తాలూకు కార్డు ఈఎంఐ 4,200, నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో వేసే సిప్ 5,000, షికార్లకు, హోటళ్లకు 5,000 పోతాయి. బ్యాంకులో 38,000, మ్యూచువల్ ఫండ్లలో 1,10,000 ఉన్నాయి. ఈమధ్యే ప్రమోషన్ వచ్చింది, క్లయింట్లను కలవాలి. ఐదు నెలల్లో చెల్లి పెళ్లి కూడా ఉంది. ఏటా చవక బట్టలు కొనే బదులు, జీవితాంతం ఉండేవి ఒకేసారి కుట్టించుకోవాలని లిస్టు రాసుకున్నాను. ఫుల్ కాన్వాస్ సూట్లు (లోపలి పొర జిగురుతో అతికించకుండా కుట్టినవి) రెండు 1,20,000, బంద్‌గలా (మెడదాకా బొత్తాలుండే కోటు) 40,000, దళసరి ఉన్ని ట్వీడ్ జాకెట్ 30,000, లెదర్ షూలు రెండు జతలు 34,000, చొక్కాలు ఎనిమిది 26,000. మొత్తం రెండున్నర లక్షలు. బ్యాంకు 16 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. ఈఎంఐ 8,789. నాకు నెలకు మిగిలేది 8,800 కాబట్టి సరిపోతుంది. లోన్ మంచిదా, కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐ మంచిదా, ఫండ్లు అమ్మేయడం మంచిదా? టైలరుకు 10,000 అడ్వాన్సు ఇచ్చాను. ఆరు వందలసార్లు వేసుకుంటే 60,000 సూటు ఒక్కోసారికి 100 రూపాయలే పడుతుంది.

జవాబు: మీ లెక్కలో తప్పేమీ లేదు. 8,800లోంచి 8,789 తీసేస్తే 11 రూపాయలు మిగులుతాయి. సూటు ఒకసారి డ్రైక్లీనింగ్‌కు ఇస్తే ఐదు వందలనుకుందాం. ఈ 11 రూపాయలతో ఆ ఐదు వందలు కూడబెట్టడానికి 46 నెలలు పడుతుంది. అప్పేమో 36 నెలల్లోనే తీరిపోతుంది.

వెటకారం అనుకోకండి. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది బట్టల కోసం కాదు. మూడు దారులు చూపించి ఏది మంచిదని అడిగారు. మీ నెల జీతం ఒక్కసారి ఆగితే ఏం చేస్తారన్నది మాత్రం ఎక్కడా లేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ఒకరికి కెమెరా, ఒకరికి బైకు, ఒకరికి వాచీ. అందరూ ముందు దాన్ని 'ఇన్వెస్ట్‌మెంట్' అంటారు. ఆ మాట అన్నాక అప్పు చేయడం తప్పులా అనిపించదు. మీరూ 'జీవితాంతం ఉండేవి' అని రాశారు, అదీ ఆ బాపతే.

మీ అభిరుచిని తప్పుపట్టడం లేదు. ఆ మాటకొస్తే లిస్టు చూసి ముచ్చటేసింది. నా పెళ్లికి రెడీమేడ్ కోటు ఒకటి కొన్నాను. లోపలి పొరంతా జిగురుతో అతికించిందే. మూడో డ్రైక్లీనింగ్ నుంచి వచ్చేసరికి ఛాతీ దగ్గర గుడ్డ అప్పడంలా పొంగింది. ఎంత ఇస్త్రీ చేసినా అణగలేదు. అప్పుడు ఒక ముసలి టైలరు నేర్పిన చిట్కా ఇప్పటికీ షాపులో చేస్తుంటాను. కోటు కింది కాజా దగ్గర, పై గుడ్డను ఒక చేత్తో, లైనింగును ఇంకో చేత్తో చిటికెడు పట్టి మెల్లగా విడదీయాలి. మధ్యలో మూడో పొర ఒకటి వేళ్లకు విడిగా జారుతూ తగిలితే కాన్వాస్ ఉన్నట్టు. పై గుడ్డే దళసరిగా, అట్టలా ఉంటే ఫ్యూజింగ్, అంటే జిగురుతో అతికించింది. కాబట్టి కాన్వాస్ కోటు ఎక్కువ కాలం మన్నుతుందన్న మీ మాట నిజమే.

కానీ ఎన్నిసార్లు వేసుకుంటారు? 'ఆరు వందలసార్లు వేసుకుంటే 60,000 సూటు ఒక్కోసారికి 100 రూపాయలే పడుతుంది' అని ఉత్తరం చివర రాశారు. సరే. హైదరాబాద్‌లో, మీ ఆఫీసులో, నెలకు రెండుసార్లు సూటు వేసుకుంటారనుకుందాం. ఏడాదికి 24. ఆరు వందలు పూర్తయ్యేసరికి మీకు 54 ఏళ్లు. ఆ వయసుకు మీ నడుము ఎక్కడుంటుందో మీరు చెప్పలేరు, నేనూ చెప్పలేను. లోపల గుడ్డ వదిలి కుడితే అంగుళం, రెండంగుళాలు వదులు చేయొచ్చు. భుజాలు మాత్రం అలా సర్దడానికి కుదరదు.

ఇంగ్లండు రాజు చార్లెస్ 1984లో కుట్టించుకున్న మార్నింగ్ కోటునే 2018లో చిన్న కొడుకు పెళ్లికీ వేసుకున్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. మాసికలు వేసిన కోట్లతో, అతుకులు పడ్డ బూట్లతో ఆయన ఫొటోలు చాలా ఉన్నాయి. మీలాంటి వాళ్లు ఆ ఫొటోలు చూపించే నన్ను ఒప్పించాలని చూస్తారు. నాణ్యమైన గుడ్డ 34 ఏళ్లు ఉంటుందంటే ఒప్పుకుంటాను. ఆ కోటు మీద ఆయన ఈఎంఐ కట్టలేదు కదా!

ఇక అసలు విషయం. అద్దె, అమ్మకు పంపేది, ఇంటి ఖర్చులు, ఫోను ఈఎంఐ కలిపితే మీకు నెలకు తప్పనివి 49,200. బ్యాంకులో ఉన్నది 38,000. అంటే ఈ నెల జీతం రాకపోతే వచ్చే నెల ఒకటో తారీఖున మీ ఇంటి ఓనర్‌కి కట్టాల్సిన అద్దె కూడా అనుమానమే. మీ మీద అమ్మ ఆధారపడి ఉన్నారు కాబట్టి ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి. అది 2,95,200.

ఇప్పుడు లోన్ తీసుకున్నారనుకోండి. తప్పని ఖర్చులు 57,989 అవుతాయి. ఆరు నెలలకు దాదాపు 3,48,000. అప్పు చేసిన రోజునే మీ అత్యవసర నిధి లక్ష్యం 52,700 పెరిగింది, దాన్ని కూడబెట్టే స్తోమత నెలకు 11 రూపాయలకు పడిపోయింది. ఈఎంఐ కట్టగలనా అని అందరూ చూసుకుంటారు. జీతం ఆగినా ఈఎంఐ ఆగదని ఎవరూ చూసుకోరు.

రెండేళ్ల క్రితం మీ వయసాయనే ఒకాయన నా దగ్గరకు వచ్చారు. ప్రాజెక్టు ఆగిపోయి కంపెనీ తీసేసింది, ఇంకో ఉద్యోగం రావడానికి నాలుగు నెలలు పట్టింది. మొదటి నెల సేవింగ్స్, రెండో నెల ఒక కార్డు, మూడో నెల ఆ కార్డు కట్టడానికి ఇంకో కార్డు. చివరికి 55,000 పెట్టి కుట్టించుకున్న బ్లేజరు అమ్మకానికి పెడితే 6,000 ఇస్తామన్నారు. కొలతలిచ్చి కుట్టించుకున్నది ఇంకొకరి ఒంటికి సరిపోదు కదా. బంగారమైతే కుదువ పెట్టుకుంటారు, సూటును ఏ బ్యాంకూ పట్టదు. చివరికి ఆ నాలుగు నెలలు దాటించింది వాళ్లావిడ గాజులు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన నా వైపు కూడా చూడలేదు.

అరువు సొమ్ము బరువు చేటు అని ఊరికే అనలేదు. ఇరుగింటి నగ పెట్టుకుని పెళ్లికి వెళ్లినావిడకు భోజనం మీద ధ్యాస ఉండదు, చెయ్యి మాటిమాటికీ మెడ మీదికే పోతుంది. మీరూ 16 శాతం వడ్డీ సూటు వేసుకుని క్లయింటు ముందు కూర్చోవాలనుకుంటున్నారు.

మీ మూడు దారుల గురించి క్లుప్తంగా చెప్తాను. పర్సనల్ లోన్ మీద మూడేళ్లలో దాదాపు 66,400 వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దాని మీద జీఎస్టీ కలిపి 5,900 ముందే కోసేస్తే చేతికి వచ్చేది 2,44,100. మీ లిస్టుకే చాలదు. ఫోన్‌లో ఒక్క నొక్కుతో డబ్బు పడుతుందంటే మిమ్మల్ని నమ్మారని మురిసిపోకండి. ఇలాంటి పూచీ లేని రుణాలకు 2023 నవంబరులో రిజర్వు బ్యాంకు రిస్క్ వెయిట్‌ను (ఇచ్చిన అప్పుకు బ్యాంకు ఎంత సొంత మూలధనం పక్కన ఉంచాలో తేల్చే లెక్క) 100 నుంచి 125 శాతానికి పెంచింది. ఇచ్చేవాళ్లనే జాగ్రత్తగా ఉండమంటుంటే తీసుకునే మీకు టెన్షన్ లేకపోతే ఎలా?

నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ ఉండదని కాదు, దాన్ని డిస్కౌంటుగా చూపిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. ఏదో ఒక నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే నెలకు మూడు, మూడున్నర శాతం పడుతుంది. ఆ తర్వాత గీకిన పాల ప్యాకెట్టుకు కూడా మొదటి రోజు నుంచే వడ్డీ. వద్దు. ఫండ్లు అమ్మి బట్టలు కొనడం అప్పుకన్నా నయం, అంతే.

చేయాల్సింది ఇది. సిప్ కొన్నాళ్లు ఆపండి. ఈ మాట అన్నందుకు నా తోటి సలహాదారులు కొందరు నన్ను తిడతారు, తిట్టనివ్వండి. ఆ 5,000, మిగిలే 8,800 కలిపి నెలకు 13,800. ముందు మూడు నెలల ఖర్చు 1,47,600 చేరాలి. ఉన్న 38,000 పోగా ఎనిమిది నెలల పని. కొంత స్వీప్ ఇన్ డిపాజిట్లో (ఖాతాలో మిగిలింది దానంతటదే ఎఫ్‌డీగా మారేది), కొంత లిక్విడ్ ఫండ్‌లో (డబ్బు త్వరగా వెనక్కి తీసుకోగల ఫండ్) పెట్టండి. యూపీఐ యాప్‌కు కలిపిన ఖాతాలో మాత్రం వద్దు. అక్కడికి చేరాక సిప్ మళ్లీ మొదలుపెట్టి, మిగిలే దాంట్లో 2,500 బట్టలకు, తక్కినది ఆరు నెలల మొత్తం నిండేదాకా నిధికి. బోనసు వస్తే నేరుగా ఇందులోకే.

ఒకటి అడగాలి. చెల్లి పెళ్లి ఐదు నెలల్లో అన్నారు. పెళ్లి ఖర్చులో మీ వాటా ఎంతో రాయలేదు. అన్నయ్య వాటా సున్నా అయిన పెళ్లి నేనింతవరకు చూడలేదు. ముహూర్తానికి వారం ముందు కేటరింగ్ వాళ్లు మిగతా సగం అడుగుతారు, అప్పుడు అందరూ హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవాడి వైపే చూస్తారు. ఆ డబ్బు ఈ నిధిలోంచి తీయకూడదు. ఇవాళే అమ్మతో ఫోన్‌లో మాట్లాడి అంకె తేల్చుకోండి.

అమ్మగారి ఆరోగ్య బీమా గురించీ రాయలేదు. ఆఫీసు పాలసీలో ఆవిడ పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే విడిగా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. చొక్కాలకన్నా ఇది ముందు.

బట్టల సంగతికొస్తే, ట్వీడ్ కొట్టేయండి. స్కాట్లాండ్ చలికి నేసిన గుడ్డ అది. మన దగ్గర ఏడాదిలో ఓ పదిరోజులు వేసుకుని మిగతా రోజులు బీరువాలో కలరా ఉండల మధ్య దాచాలి. క్లయింట్ల కోసం మీకు ముందు కావలసినవి బూడిదరంగు ఉన్ని ప్యాంట్లు రెండు, ఒంటికి సరిగ్గా నప్పే చొక్కాలు నాలుగు, ముదురు గోధుమరంగు షూ ఒక జత. నేవీ రంగు కోటు తర్వాత. ఉన్ని గుడ్డ మీద రాసే సూపర్ 150 లాంటి పెద్ద అంకెలు చూసి పొంగిపోకండి. అంకె పెరిగేకొద్దీ ఉన్ని పోగు సన్నబడుతుంది, మెరుస్తుంది, తొందరగా అరుగుతుంది. రోజువారీ వాడకానికి సూపర్ 100, 110 చాలు. మన ఎండలకు గాలి ఆడే సాదా నేత గుడ్డ అడగండి. చొక్కాలకు మంగళగిరి నూలు గుడ్డ తీసుకుని కుట్టించుకున్నా చాలా బాగుంటుంది. పన్నులోనూ తేడా ఉంది. గుడ్డ మీద జీఎస్టీ 5 శాతం, 2,500 దాటిన రెడీమేడ్ మీద 18 శాతం. బాగా నప్పిన పాత చొక్కా ఒకటి ఆది కింద ఇవ్వండి. ట్రయల్ లేకుండా కోటు కుట్టే టైలరు దగ్గరకు వెళ్లకండి. ట్రయల్లో అద్దం ముందు నిలబడి బిగుసుకుపోకుండా కుర్చీలో కూర్చుని, చెయ్యి చాచి ఫోను అందుకోండి. చంకలో పట్టేస్తే అప్పుడే తెలుస్తుంది.

పెళ్లికి బంద్‌గలా ఒక్కటి కుట్టించుకోండి. నేవీలో, మెరుపు దారాలు, ఎంబ్రాయిడరీ లేకుండా ఉంటే, తర్వాత బూడిదరంగు ప్యాంటు మీద ఆఫీసుకూ పనికొస్తుంది. దానికి కొత్తగా డబ్బు అక్కర్లేదు, మీరిచ్చిన 10,000 అడ్వాన్సు ఉందిగా. దాన్ని బంద్‌గలా కుట్టుకూలి కింద మార్చమని టైలరును అడగండి. ఒక్క నెల షికార్లు ఆపితే గుడ్డ వస్తుంది. అయితే ఇదంతా ఆయన సూటు గుడ్డ కత్తిరించనంతవరకే. కత్తెర పడ్డాక ఎంత మంచివాడైనా అడ్వాన్సు వెనక్కి ఇవ్వడు, ఇవ్వమనడం కూడా న్యాయం కాదు. ఇది చదవడం అయిపోగానే ఆయనకు ఫోన్ చేయండి.