ఏ కాలం కావాలో ముందు అడుగు

చిరంజీవికి ఆశీస్సులు.

పాటకి వీడియో చేసే పని దొరికిందని, ఆ గాయకుడు "పాతకాలం లుక్ కావాలి" అన్నారని రాశావు. చాలా సంతోషం నాన్నా. ఏ ఎఫెక్టులు కొనాలని అడిగావు కదా, ఇప్పుడే ఏవీ కొనకు. ముందు ఆయన్ని ఏ పాతకాలమో అడుగు. 1965లో వచ్చిన సూపర్ 8 ఫిల్మూ పాతదే, 1976లో వచ్చిన వీహెచ్‌ఎస్ టేపూ పాతదే. కానీ ఫిల్ము పాడయ్యే తీరు వేరు, టేపు పాడయ్యే తీరు వేరు. ఫిల్మయితే నిలువు గీతలు పడతాయి, దుమ్ము కనిపిస్తుంది, ఫ్రేము కాస్త ఊగుతుంది. టేపయితే రంగులు పక్కకి కారతాయి, బొమ్మ అడుగున సన్నటి పట్టీ వంకరపోతుంది. రెండూ కలిపి గుమ్మరిస్తే, చూసేవాళ్లు కారణం చెప్పలేకపోయినా నమ్మరు. ఫిల్ము మీద తీసి టేపుకి ఎక్కించిన వీడియోలా కావాలంటే మాత్రం కలపొచ్చు. అప్పుడు ముందు ఫిల్ము లోపాలు, వాటి మీద టేపు లోపాలు. ఆ వరుస తప్పకూడదు.

టేపు రంగు సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే. బొమ్మ మొత్తాన్నీ బ్లర్ చేసేస్తారు. టేపులో వెలుగునీడలు ఓ మాదిరి స్పష్టంగానే ఉంటాయి, రంగు మాత్రం బాగా మొద్దుగా రికార్డవుతుంది. ఎర్ర చొక్కా అంచు అంచులాగే ఉంటుంది, ఎరుపు మాత్రం దాన్ని దాటి పక్కకి పాకుతుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఆ వీడియో లేయర్‌కి ఒక కాపీ తీసి పైన పెట్టు. బ్లెండ్ మోడ్ కలర్ చెయ్యి, అప్పుడు ఆ కాపీలోని రంగు మాత్రమే కింది బొమ్మకి పడుతుంది. ఆ కాపీని మాత్రమే అడ్డంగా బ్లర్ చేసి, ఒకటి రెండు పిక్సెళ్లు కుడికి జరుపు. చూడు, ఎంత తేడా వస్తుందో!

ఇక లయ. నిమిషానికి 120 బీట్ల పాటయితే, సెకనుకి 24 ఫ్రేముల్లో ఒక్కో బీటుకి సరిగ్గా 12 ఫ్రేములు. 110 అయితే 13కి కాస్త పైన. 13 అనుకుని లెక్కపెడుతూ పోతే నాలుగు నిమిషాల పాట చివరికి 40 ఫ్రేములు ముందుకి వెళ్లిపోతావు. అందుకే లెక్క మీద ఆధారపడకు. పాట వింటూ మార్కర్లు పెట్టుకో, చేత్తో చేసిన పనే నిలుస్తుంది. టైటిల్ అక్షరాలకి పోస్టరైజ్ టైమ్ (సెకనుకి కదిలే ఫ్రేములు తగ్గించే ఎఫెక్టు) 12 దగ్గర పెట్టు, చేత్తో గీసిన యానిమేషన్ నడకలా ఉంటుంది.

నా మొదటి వీడియోలో మొదటి నుంచి చివరిదాకా టేపు నాయిస్ నింపాను. పాడినావిడ మొత్తం చూసి, "నా కళ్లు కనిపించలేదండీ" అన్నారు. అంతే అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. అప్పటి నుంచి గొంతు పలికేటప్పుడు ముఖాన్ని శుభ్రంగా వదిలేస్తాను. లోపాలన్నీ వాయిద్యాలు నడిచే చోట, కట్ మారే చోట వస్తాయి.

ఇంకో మాట, ఇది తప్పక పాటించు. తెర సెకనుకి మూడు కంటే ఎక్కువసార్లు మెరవకూడదు. మూర్ఛ ఉన్నవాళ్లకి అది ప్రమాదం. బీటుకి ఎంత బాగా కుదిరినా సరే, వద్దు.

గ్రెయిన్, అంటే ఫిల్ములో కనిపించే సన్నటి చుక్కలు, నీ కంప్యూటర్లో అందంగానే ఉంటుంది. యూట్యూబ్‌కి ఎక్కాక కంప్రెషన్ దాన్ని ముద్దలు ముద్దలు చేసేస్తుంది, దాంతో ముఖాలు కూడా చెదురుతాయి. అందుకని ముందే ప్రైవేట్‌గా అప్‌లోడ్ చేసి ఫోన్లో చూడు. గ్రెయిన్ సగానికి తగ్గించాల్సి రావచ్చు.

వీడియో అంతా ఒకేసారి మొదలుపెట్టకు. పల్లవి వరకు చేసి ఆయనకి చూపించు, నాకూ పంపు. ఎఫెక్టులు వేసిన కాపీ ఒకటి, వెయ్యని కాపీ ఒకటి, రెండూ పంపు.