రేపు ఫోన్ చేస్తానని మాత్రం చెప్పకు

చిరంజీవి చిన్నాకి,

పెదనాన్న ఆశీస్సులు. యూఎన్ శాంతి దళంలో మీ బెటాలియన్‌కి దక్షిణ సూడాన్ ఖాయమైందని నిన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మాట్లాడినంతసేపూ గొంతు మామూలుగానే పెట్టుకున్నాడు గానీ, పెట్టేసే ముందు "అన్నయ్యా, అక్కడ ఫోన్లు పనిచేస్తాయంటావా?" అన్నాడు. నేను శ్రీలంకలో ఉన్నప్పుడు మీ నానమ్మ రోజూ పోస్ట్‌మ్యాన్‌ని ఆపి అడిగిన మాట కూడా దాదాపు ఇదే. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. తుపాకీ సంగతి, డ్యూటీ సంగతి నీకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంటికి కబురు ఎలా పంపాలో మాత్రం ఎవరూ క్లాసు తీసుకోరు.

ముందుగా ఒక్క మాట. ఇంట్లో వాళ్లకి "రేపు ఫోన్ చేస్తా" అని ఎప్పుడూ చెప్పకు. నువ్వు మామూలుగానే అంటావు. ఇక్కడ మీ అమ్మ మాత్రం మర్నాడు పొద్దున్నుంచే ఫోన్ కొంగున కట్టుకుని తిరుగుతుంది. సాయంత్రానికి అన్నం ముట్టదు. నువ్వు చేసిన తప్పేమీ ఉండదు. పెట్రోలింగ్‌కి పంపి ఉంటారు, లేదా జనరేటర్‌లో డీజిల్ అయిపోయి టవర్ పడుకుని ఉంటుంది. వారం రోజులు కబురు లేకపోయినా జనం తట్టుకుంటారు. వస్తుందన్న కబురు రాకపోతేనే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి తక్కువ చెప్పు. "వారంలో ఒకసారి ఏదో ఒకటి వస్తుంది. పది రోజులు రాకపోయినా కంగారు పడొద్దు" అని వెళ్లే ముందే అందరినీ కూర్చోబెట్టి చెప్పు. నాలుగు రోజులకే చేశావనుకో, అది పండగ. టైమ్ చెప్పాల్సి వస్తే "మన టైమ్" అని కలిపి చెప్పు. అక్కడ మనకంటే మూడున్నర గంటలు వెనక. నీకు రాత్రి ఎనిమిదంటే ఇక్కడ పదకొండున్నర. ఆ వేళ ఫోన్ మోగితే మీ నాన్న గుండె ఏమవుతుందో ఆలోచించు.

ఇదంతా నేను దెబ్బ తిని నేర్చుకున్నదే. 1987 జులైలో మనకీ శ్రీలంకకీ ఒప్పందం కుదిరాక లంక వెళ్లిన శాంతి సేనలో మా యూనిట్ కూడా ఉంది. పేరుకే శాంతి సేన, అక్టోబరుకల్లా అది తమిళ పులులతో యుద్ధమే అయింది. 1990 మార్చిలో ఆఖరి మనిషి తిరిగొచ్చేలోగా మనవాళ్లు సుమారు 1,200 మంది పోయారు. మాకు ఫోన్లు ఎక్కడివి? నీలం రంగు ఇన్‌లాండ్ ఉత్తరాలే. అడ్రసులో ఊరు ఉండదు. నంబరు, పేరు, యూనిట్, కింద కేరాఫ్ 56 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు. ఆ ఉత్తరాలు వరస తప్పి వచ్చేవి. ముందు రాసింది వెనక, వెనక రాసింది ముందు.

ఒకసారి లారీ మీంచి దూకినప్పుడు నా చీలమండ బెణికింది. అంతకంటే ఏమీ లేదు. అదే ఒక ఉత్తరంలో రాశాను. పది రోజుల తర్వాత ఇంకో ఉత్తరంలో "కాలు తగ్గింది, నడుస్తున్నాను, మీరు దిగులు పెట్టుకోవద్దు" అని రాశాను. ఇంటికి రెండోది ముందు చేరింది. అప్పుడు మీ నాన్న తొమ్మిదో క్లాసు. వసారాలో నిలబడి ఆ ఉత్తరం పెద్దగా చదివాడట. 'నడుస్తున్నాను' దగ్గరికి రాగానే మీ నానమ్మ కూలబడిపోయింది. ఏ కాలు? ఏమైంది? అసలు ఉందా, తీసేశారా? మీ పెద్దమ్మకి పెళ్లయి అప్పటికి ఏడు నెలలు. తొమ్మిది రోజుల తర్వాత మొదటి ఉత్తరం వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. సెలవులో నేను గుమ్మం ఎక్కగానే మీ నానమ్మ నా మొహం చూడలేదురా, ముందు కాళ్లు చూసింది.

ఆ తర్వాత నుంచి ప్రతి ఉత్తరం పైన మూలన నంబరు వేయడం మొదలుపెట్టాను. 7 రాకుండా 8 వస్తే, మధ్యలో ఒకటి దారిలో ఉందని వాళ్లకి తెలిసేది. నీ వాట్సాప్‌కి నంబర్లు అక్కర్లేదు గానీ జబ్బు మాత్రం అదే. సిగ్నల్ పోయి నాలుగు మెసేజ్‌లలో రెండు వెళ్లి రెండు ఆగిపోతాయి. అందుకని సగం మాట ఎప్పుడూ పంపకు. "ఇక్కడ ఒకటి జరిగింది, తర్వాత చెప్తా" అనడం కంటే అసలు చెప్పకపోవడం నయం. చెప్పేది ఒక్క మెసేజ్‌లోనే మొదలై అందులోనే అయిపోవాలి.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు సిపాయిలకి ఒక కార్డు ఇచ్చేవారు. దాని మీద వాక్యాలు ముందే అచ్చు వేసి ఉంటాయి. నేను బాగున్నాను, ఆసుపత్రిలో చేరాను, మీ ఉత్తరం అందింది, ఇలాగన్నమాట. అక్కర్లేనివి కొట్టేసి సంతకం, తేదీ పెట్టాలి. ఒక్క మాట అదనంగా రాసినా చించేస్తారు. చూడ్డానికి రాతిగుండె వ్యవహారంలా ఉంటుంది గానీ, వాటి కోసం ఇళ్లల్లో ఎదురుచూసేవాళ్లు. నువ్వు కూడా అలాంటి వాక్యం ఒకటి ఫోన్‌లో రాసి పెట్టుకో. "బాగున్నాను. పని ఎక్కువగా ఉంది. వీలు చూసుకుని మాట్లాడతాను." ఒళ్లు హూనమై వచ్చిన రోజు ఇదొక్కటి పంపి పడుకో. రహస్య కోడ్‌లు మాత్రం పెట్టుకోవద్దు. 'మామిడి చెట్టు' అంటే కాల్పులు, 'బావి' అంటే క్షేమం అని మా యూనిట్‌లో ఒకడు పెట్టుకున్నాడు. ఉత్తరం సెన్సార్ చేసే ఆఫీసరు పిలిచి, ఇంటి దగ్గర ఎన్ని బావులున్నాయిరా అని అడిగాడు. ఆ తర్వాత వాడికి పడిన క్లాసు ఇక్కడ రాయలేను.

వాట్సాప్‌లో నీలం టిక్కులు, లాస్ట్ సీన్ రెండూ ఆపేసి వెళ్లు. నీ భార్య రాత్రి రెండింటికి లేచి నీ లాస్ట్ సీన్ చూస్తుంది. "ఒంటిగంటకి ఆన్‌లైన్‌లో ఉన్నాడు, నాకు మెసేజ్ పెట్టలేదు" అంటుంది. లేకపోతే "మూడు రోజులుగా ఆన్‌లైన్‌లోకే రాలేదు" అంటుంది. రెండూ ఏడుపే.

ఫోన్ విషయంలో మీ యూనిట్ సెక్యూరిటీ వాళ్లు ఏం చెబితే అదే ఫైనల్. 2020లో మన ఆర్మీ ఫేస్‌బుక్‌తో సహా 89 యాప్‌లు తీసేయమన్నప్పుడు కుర్రాళ్లంతా గొణిగారు. గొణిగేవాళ్లకి నేను రెండు సంగతులు చెప్తుంటాను. పరిగెత్తిన దారుల్ని మ్యాప్ మీద గీసి చూపించే స్ట్రావా అనే యాప్ ఉంది కదా, ఎవరికీ తెలియకూడని సైనిక స్థావరాలు దాని మ్యాప్‌లో మెరుస్తూ కనబడుతున్నాయని 2018 జనవరిలో బయటపడింది. ఎవడో పొద్దున్నే జాగింగ్ చేశాడు, అంతే. రెండోది 2023 కొత్త సంవత్సరం రోజున తూర్పు ఉక్రెయిన్‌లోని మకీవ్కాలో జరిగింది. రష్యా సైనికులున్న భవనం మీద రాకెట్లు పడ్డాయి. 89 మంది పోయారని రష్యాయే చెప్పింది. వద్దన్నా సిపాయిలు ఫోన్లు వాడటం వల్లే శత్రువుకి చోటు తెలిసిపోయిందంది. పైవాళ్లు తమ తప్పును కిందివాళ్ల మీదకి తోశారని అన్నవాళ్లు కూడా ఉన్నారు, అదీ నిజం కావచ్చు. కానీ కొత్త సంవత్సరం రాత్రి ఇంటికి ఫోన్ చేయాలనుకోని సిపాయి ఎవడుంటాడు?

కాబట్టి ఏ ఊళ్లో ఉన్నావో, ఎప్పుడు కదులుతున్నావో, ఎంతమంది ఉన్నారో, సెలవు మీద ఏ తేదీన బయలుదేరుతున్నావో ఇంట్లో కూడా చెప్పకు. ఫోటో తీస్తే వెనక గోడ తప్ప ఇంకేమీ పడకూడదు. లొకేషన్ ఆపెయ్. నీ మీద నాకు అనుమానం లేదు, నా అనుమానమంతా మీ అమ్మ మీదే. నీ ఫోటో అందిన ఐదో నిమిషానికి అది మన చుట్టాల గ్రూపులో ఉంటుంది, పదో నిమిషానికి ఎవరో స్టేటస్‌లో పెడతారు. ఆవిడ్ని తిట్టకు, కొడుకు ఫోటో చూపించుకోవాలని ఏ తల్లికి ఉండదు? యూనిఫాం లేకుండా గోడ ముందు నిలబడిన ఫోటోలు నాలుగు పంపు, అవి ఎన్ని గ్రూపుల్లో తిరిగినా ఇబ్బంది లేదు.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైనది చెప్తాను. 2013 డిసెంబరులో నువ్వు వెళ్తున్న దక్షిణ సూడాన్‌లోనే, జొంగ్లీ రాష్ట్రంలోని అకోబో దగ్గర యూఎన్ క్యాంపు మీద దాడి జరిగి మనవాళ్లు ఇద్దరు చనిపోయారు. టీవీలో కింద అక్షరాలు పరిగెడుతుంటాయి చూడు, అలా 'ఇద్దరు భారత జవాన్లు' అని వస్తే, పేర్లు వచ్చేదాకా అక్కడ మనుషులున్న ప్రతి ఇంట్లోనూ పొయ్యి ఆరిపోతుంది. అలాంటప్పుడు చాలా సైన్యాల్లో బయటికి ఫోన్లు, ఇంటర్నెట్ ఆపేస్తారు. పోయినవాళ్ల ఇంటికి కబురు పద్ధతిగా చేరేదాకా ఎవరూ నోరు జారకూడదని. అమెరికా వాళ్లు దానికి 'రివర్ సిటీ' అని పేరు కూడా పెట్టుకున్నారు. ఈ సంగతి వెళ్లే ముందే నీ భార్యకి, మీ నాన్నకి విడమరిచి చెప్పు. టీవీలో ఏదో వచ్చి, నీ ఫోన్ కలవకపోతే, అందరి ఫోన్లూ ఆపేశారని వాళ్లకి తెలియాలి. చెడు కబురు యూనిట్ నుంచో, రికార్డ్ ఆఫీసు నుంచో వస్తుంది గానీ టీవీ నుంచి, ముక్కూ మొహం తెలియని నంబరు నుంచి రాదు. "మీవాడికి గాయమైంది, ఆపరేషన్‌కి డబ్బు పంపండి" అని ఎవడైనా ఫోన్ చేస్తే వాడు దొంగే. ఆర్మీ ఇంటివాళ్లని ఆసుపత్రి డబ్బులు అడగదు. వెనక ఉండే రియర్ పార్టీ నంబరు కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించు. పెళ్లి, పాప పుట్టడం పార్ట్ టూ ఆర్డర్‌లో (నీ సర్వీసు రికార్డులోకి ఎక్కించే ఉత్తర్వు) పడ్డాయో లేదో, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు కొత్తవి ఎక్కించారో లేదో క్లర్క్ దగ్గర కూర్చుని కళ్లారా చూసుకో.

ఇంట్లో వాళ్లు కూడా నీ దగ్గర దాస్తారు. మీ తాతయ్యకి పక్షవాతం వచ్చినప్పుడు నాకు చెప్పలేదు. "వాడు యుద్ధంలో ఉన్నాడు, ఎందుకు మనసు పాడుచేయడం" అని అందరూ ఒక మాట మీద ఉన్నారు. మూడు నెలలు వచ్చిన ఉత్తరాలన్నిటిలో "నాన్నగారు కులాసా" అనే ఉంది. సెలవులో వచ్చేసరికి ఆయన మంచం మీద ఉన్నారు, మాట లేదు. నన్ను గుర్తుపట్టి ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకున్నారు. ఆయనతో ఆఖరుగా ఏం మాట్లాడానో నాకు గుర్తు కూడా లేదు. మా వాళ్ల మీద కోపం తగ్గడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, ఇప్పటికీ పూర్తిగా తగ్గిందని చెప్పలేను. నువ్వు వెళ్లే ముందే ఒప్పందం చేసుకో. జ్వరాలు, గొడవలు, అప్పులు ఆలస్యంగా చెప్పినా ఫరవాలేదు. ప్రాణం మీదికి వచ్చినది మాత్రం వెంటనే చెప్పాలి. ఏది ఏదో తేల్చే పని మీ అక్కకి అప్పగించు. మన ఇంట్లో నిబ్బరంగా ఆలోచించేది తనొక్కతే.

మీ అమ్మ నీ ఫోన్ రాగానే స్పీకర్ ఆన్ చేస్తుంది, వీధిలో సగం మంది పలకరిస్తారు. అదీ కావాలి, కాదనను. కానీ నీ భార్యకి విడిగా ఫోన్ చెయ్యి. మా రోజుల్లో ఉత్తరం మీ తాతయ్య పేరు మీదే రావాలి, మీ నాన్న అందరి ముందూ చదవాలి. దాంట్లో మీ పెద్దమ్మకి నేనేం రాయగలను? 'అందరినీ అడిగానని చెప్పండి' అనే అందరిలో ఆవిడ ఒకతి. ఓ నెల పట్టి పట్టి చూసి, ఆవిడ పేరు మీదే విడిగా ఒక ఇన్‌లాండ్ రాశాను. ఊళ్లో పెద్ద చర్చే జరిగిందట. అయినా మానలేదు. ఆ ఉత్తరాలు ఇప్పటికీ ట్రంకు పెట్టెలో అడుగున ఉన్నాయి, నన్ను కూడా ముట్టుకోనివ్వదు.

పాప వీడియో కాల్‌లో నీ మొహం చూసి పారిపోతుంది. మనసు కష్టపెట్టుకోకు, రెండేళ్ల పిల్లకి ఫోన్‌లో నాన్న అంటే ఒక బొమ్మ. బయలుదేరే లోపు రాత్రిళ్లు చెప్పే కథలు ఓ పాతిక నీ గొంతుతో రికార్డ్ చేసి పెట్టు. సిగ్నల్ ఉన్నా లేకపోయినా రోజూ నీ గొంతు వింటూ నిద్రపోతుంది.

ఫోన్ కలిసినప్పుడు ఏం మాట్లాడాలో తోచక "ఇంకేంటి, ఇంకేంటి" అని నిమిషాలు పోగొట్టుకుంటాం. చిన్న విషయాలు అడుగు. మోటారు బాగుచేయించారా, పక్కింటి వాళ్లతో గట్టు తగాదా ఎంతవరకు వచ్చింది. నువ్వు కూడా అక్కడి వాన గురించి, మీ వంటవాడు చపాతీలు మాడ్చడం గురించి చెప్పు. వానాకాలంలో అక్కడ రోడ్లు బురదలో కూరుకుపోతాయి, కొన్ని క్యాంపులకి సామాన్లు కూడా విమానాల్లోనే వస్తాయంటారు. చెప్పుకోవడానికి నీకు బురదే బోలెడంత ఉంటుంది. చెప్పలేనివి, చూడకూడనివి చూసినవి ఉంటే ఒక నోట్‌బుక్కులో రాసుకో, లేదా నీ పక్క మంచం వాడితో పంచుకో. ఊళ్ల పేర్లు, తేదీలు మాత్రం అందులోనూ వద్దు. తిరిగొచ్చాక నాతో మాట్లాడాలనిపిస్తే రా. నేను మధ్యలో అడ్డురాకుండా వింటాను.

ఆదివారం మీ పెద్దమ్మా నేనూ వస్తున్నాం. బీరువా తలుపుకి ఆ కాగితం అంటించావో లేదో చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న