గూఢచారికి రైలే ఎందుకు?

ప్రశ్న: గూఢచారి సినిమాల్లో ఎక్కడో ఒకచోట రైలు తగులుతూనే ఉంటుంది. హాయిగా విమానం ఎక్కొచ్చుగా వీళ్లు? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: విమానమెక్కితే బెల్టు పెట్టుకుని కూర్చోవడమే కదండీ, ఇంక కథేం నడుస్తుంది! రైల్లో అయితే ఇరుకు నడవా, గడియ పెట్టుకునే గది, భోజనాల బోగీ, టికెట్ అడిగేవాడు, ఎదురు సీట్లో ఎవడో తెలియని మనిషి, పైగా స్టేషన్ వచ్చేదాకా దిగే వీల్లేదు. 1959లో హిచ్‌కాక్ తీసిన ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’లో కేరీ గ్రాంట్ పోలీసులకు దొరక్కుండా దాక్కునేది పై బెర్తులోనే.

నా ఓటు మాత్రం 1963 నాటి జేమ్స్ బాండ్ సినిమా ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’కే. ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైల్లో శత్రువు పెద్దమనిషిలా నటిస్తూ చేపకి రెడ్ వైన్ తెప్పించుకుంటాడు. చేపకి తెల్ల వైన్ తాగడం అక్కడి పెద్దమనుషుల పద్ధతి; బాండ్‌కి ఆ తేడా తర్వాతగానీ వెలగదు. ఆపైన బాండ్‌గా షాన్ కానరీ, ఆ శత్రువుగా రాబర్ట్ షా ఆ చిన్న గదిలో కొట్టుకుంటుంటే చెయ్యి విసరడానికి కూడా చోటుండదు, అందుకే ఆ దెబ్బలు నిజంగా తగులుతున్నట్టే ఉంటాయి, చూసేవాళ్లకి ఊపిరాడదు.

1996 ‘మిషన్ ఇంపాజిబుల్’లో టామ్ క్రూజ్ రైలు పైకెక్కితే వెనకాలే హెలికాప్టర్ సొరంగంలోకి దూరుతుంది. సరదాగానే ఉంటుంది, కాకపోతే ఆ సొరంగం, అంటే ఇంగ్లండ్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య సముద్రం కింద ఉన్న ఛానల్ టన్నెల్‌లో రైళ్లపైన 25,000 వోల్టుల కరెంటు తీగ ఉంటుందని గుర్తొస్తే నవ్వాగదు.