దెబ్బకు పంటి వేరు విరిగితే పన్ను తీసేయాల్సిందేనా?

చాలాసార్లు అక్కర్లేదు. తొందరపడి పీకించుకోకండి. వేరు అడ్డంగా విరిగితే పన్ను నిలిచే అవకాశం బాగానే ఉంటుంది.

డాక్టరు ముందు వేర్వేరు కోణాల్లో ఎక్స్-రేలు తీస్తారు, ఎందుకంటే ఒకే కోణంలో చీలిక గీత కనబడకపోవచ్చు. పై ముక్క (నోట్లో కనబడే వైపుది) పక్కకు జరిగి ఉంటే దాన్ని మళ్లీ స్థానంలోకి నెట్టి, పక్క పళ్లతో కలిపి సన్నని, కాస్త వంగే తీగతో కట్టేస్తారు. ఈ కట్టు సాధారణంగా 4 వారాలు ఉంచుతారు. విరుపు చిగురుకు దగ్గరగా ఉంటే 4 నెలల దాకా ఉంచాల్సి రావచ్చు, అక్కడ పన్ను నిలవడమూ కష్టమే.

చాలామంది పొరబడేది రూట్ కెనాల్ విషయంలో. అది మొదటి రోజే చేయరు. పంటి లోపలి గుజ్జు (నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం) తనంతట తాను కోలుకోవచ్చు. తర్వాతి పరీక్షల్లో అది చచ్చిపోయిందనీ, ఇన్ఫెక్షన్ ఉందనీ తేలితేనే చేస్తారు, అదీ మామూలుగా విరిగిన చోటు వరకే. కింది ముక్కలో (వేరు కొన వైపు) గుజ్జు ఎక్కువగా బతికే ఉంటుంది. పై ముక్కలో గుజ్జు తర్వాతైనా చచ్చిపోవచ్చు కాబట్టి నొప్పి లేకపోయినా తనిఖీలు మానకండి, ఏళ్ల తరబడి అవసరం.

వేరు నిలువుగా చీలితే మాత్రం తీసేయడమే ఎక్కువగా జరుగుతుంది.