అంతా మనలాగే ఉంటుంది, అక్కడే చిక్కు

ఒరేయ్ చిన్నా,

మీ అమ్మను బ్యాంకాక్ తీసుకెళ్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎర్ర బస్సు తప్ప ఎరగని వదిన విమానం ఎక్కుతోందంటే నా కడుపు నిండిపోయింది. వెంటనే గుబులూ పట్టుకుంది. నీ నోటికి తాళం ఉండదు, వదిన చేతులు ఊరుకోవు. అందుకే ఈ ఉత్తరం.

చిన్నవి ముందు చెప్పేస్తాను. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపుకోవచ్చు. ప్రభుత్వ సైటులో అది ఉచితం, డబ్బు అడిగిందంటే వేరే సైటులో ఉన్నావన్నమాట. వీసా నిబంధనలు మారుతూ ఉంటాయి, టికెట్టు కొనేముందు రాయబార కార్యాలయం సైటు చూడు. గడువు దాటితే రోజుకు 500 బాట్ జరిమానా, 20,000 దాకా. ఆ ఈ-సిగరెట్టు ఇక్కడే పారేయ్, దాన్ని దేశంలోకి తేవడమే అక్కడ నేరం. టూరిస్టు పోలీసు నంబరు 1155.

ఇక నీ నోటి సంగతి. థాయ్ నేరచట్టంలో 112వ సెక్షన్ ఉంది. రాజునో, రాణినో, వారసుణ్ణో, రాజప్రతినిధినో కించపరిచినట్టు తేలితే ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ల జైలు. పోస్టూ లెక్కే, షేరూ లెక్కే. ఫిర్యాదు ఎవరైనా చేయొచ్చు, విదేశీయుడివని వదలరు. నీ జోకులు మన వాట్సాప్ గ్రూపులో కూడా వద్దురా. నోటు గాలికి ఎగిరితే కాలితో తొక్కి ఆపకు, దాని మీద రాజు బొమ్మ ఉంటుంది. ఉదయం 8కి, సాయంత్రం 6కి స్టేషన్లలో, పార్కుల్లో జాతీయగీతం వినిపిస్తే ఎక్కడున్నవాళ్లు అక్కడే నిలబడతారు. మీరూ నిలబడండి.

వదిన గురించి నా భయం వేరు. అక్కడ ఆమెకు ఏదీ కొత్తగా అనిపించదు. పలకరింపు ‘సవాదీ’ మన ‘స్వస్తి’ నుంచి వచ్చిందే. చేతులు జోడిస్తారు, చెప్పులు బయటే విప్పుతారు, గడప మీద కాలు పెట్టరు. ఇంకేం, ఇంట్లో ఉన్నట్టే అనుకుని పసిపిల్ల కనబడగానే తల నిమురుతుంది. అక్కడ తల ఒంట్లో అన్నిటికన్నా పవిత్రం, పరాయివాళ్లు ముట్టుకోకూడదు. భిక్షువు ఎదురైతే కాళ్లకు దణ్ణం పెట్టబోతుంది. ఆడవాళ్ల చెయ్యి భిక్షువుకే కాదు, ఆయన కట్టుకున్న చీవరానికి, అంటే కాషాయ వస్త్రానికి కూడా తగలకూడదు. ఏదైనా ఇవ్వాలంటే ఆయన పరిచిన గుడ్డ మీద పెట్టాలి, లేదా నీ చేత ఇప్పించాలి. దూరం నుంచి చేతులు జోడిస్తే చాలు. గుడిలో కూర్చుంటే పాదాలు బుద్ధుడి వైపు ఉండకూడదు, రెండు కాళ్లూ ఒక పక్కకు మడిచి వెనక్కి పెట్టుకోవాలి. వదిన మోకాళ్లు దానికి ఒప్పుకోవు, కాసేపటికే కాళ్లు చాపేస్తుంది. అందుకని వెనకాల నిలబడి దర్శనం చేయించి తీసుకురా.

రాజప్రాసాదానికి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. చీర సరే, చేతుల్లేని జాకెట్టు వద్దు. ‘ఇవాళ మూసేశారు, నేను వేరేచోటు చూపిస్తా’ అనే టుక్‌టుక్ వాడు చివరికి రంగురాళ్ల దుకాణానికి తీసుకెళ్తాడు. ద్వారం దాకా వెళ్లి నువ్వే చూసుకో. లోపల గోడల నిండా వాళ్ల రామాయణం, రామకియెన్. అందులో హనుమంతుడికి భార్యలున్నారు. వదిన అక్కడ వాదనకు దిగకుండా ముందే చెప్పిపెట్టు.

అసలు సంగతికొస్తాను. మనవాళ్లు ఏళ్ల తరబడి చేస్తున్న తప్పు ఒకటుంది, బుద్ధుడి తల కొనుక్కురావడం. హాల్లో టీవీ పక్కన పెట్టడానికో, గృహప్రవేశానికి కానుకిద్దామనో. మనకది అందమైన బొమ్మ. వాళ్లకది తెగిన తల. 1767లో బర్మా సైన్యం వాళ్ల పాత రాజధాని అయుత్తయను తగలబెట్టింది, ఆ తర్వాత నిధుల దొంగలు శిథిలాల మీద పడ్డారు. తలల్లేని విగ్రహాలు అక్కడ వరసలు వరసలుగా కనిపిస్తాయి. ఆ మొండేల వెనక నిలబడి సొంత తల ఆనించి ఫొటో దిగేవాళ్లూ ఉన్నారు, నువ్వు ఆ పని చేశావో చెవి మెలేస్తాను. అక్కడి వాట్ మహాథాట్ గుడిలో చెట్టువేళ్ల మధ్య ఇరుక్కున్న బుద్ధుడి తల ఉంటుంది. దాని పక్కన ఫొటోకి కింద కూర్చోవాలి, మన తల దానికన్నా పైన ఉండకూడదు.

కొనేటప్పుడు దుకాణంవాడు చక్కగా పొట్లం కట్టి ఇస్తాడు, చట్టం చెప్పడు. బుద్ధ విగ్రహాన్ని గానీ, అందులో ఒక ముక్కను గానీ దేశం దాటించాలంటే, కొత్తదైనా సరే, ఫైన్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్ అనుమతి కావాలి. మెడలో వేసుకునే చిన్న తాయెత్తుకు ఇబ్బంది లేదు. అనుమతికి వస్తువు ఫొటోలు, పాస్‌పోర్టు నకలు ఇవ్వాలి, కొన్ని పనిదినాలు పడుతుంది. మనవాళ్లేమో చివరి రోజు సాయంత్రం కొంటారు, ఆ కాగితం వచ్చేలోపే విమానం వెళ్లిపోతుంది. ఎయిర్‌పోర్టులో పట్టుకున్నారంటే విగ్రహమూ పోతుంది, పరువూ పోతుంది. అంతగా కావాలంటే మొదటి రోజే నిండు విగ్రహం కొను, అనుమతి తెచ్చిపెట్టే దుకాణమైతేనే డబ్బు కట్టు. పెట్టెలో చెప్పుల కింద సర్దకు. ఇంటికొచ్చాక షూ ర్యాక్ మీద కాదు, కళ్లకన్నా ఎత్తులో పెట్టు. వాళ్ల పాత ద్వారవతి రాజ్యం నాటి విగ్రహాల్లో మన అమరావతి శిల్పుల ఒరవడి ఉందని కళాచరిత్రకారులు అంటారు. ఆ మాట వదినకు చెప్పు, మురిసిపోతుంది.

స్కూటరు అద్దెకు తీసుకుంటే టూవీలర్ కూడా రాసి ఉన్న ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి, లేకపోతే దెబ్బ తగిలినప్పుడు ఇన్సూరెన్సు వాడు చెయ్యి దులుపుకుంటాడు. పాస్‌పోర్టు మాత్రం తాకట్టు పెట్టొద్దు. తిరిగొచ్చేటప్పుడు ఎవరి పొట్లమూ తేకు, మందులని చెప్పినా తేకు. బ్యాంకాక్ నుంచి గంజాయి తెచ్చి శంషాబాద్‌లో పట్టుబడ్డవాళ్ల వార్తలు చదువుతూనే ఉన్నాంగా.

వదిన మోకాళ్ల మాత్రలు డాక్టరు చీటీతో చేతిసంచిలో పెట్టు. పచ్చళ్ల సీసాలకు మూత గట్టిగా బిగించి పెద్ద పెట్టెలో వేయి. దిగగానే ఆమె చేత నాకు ఫోన్ చేయించు.

మీ అత్తయ్య